పహింగ్ రోజున గేటు

చిరంజీవి రెట్నోకు నాన్న ఆశీస్సులు.

"కోడులో ఆ వరస పైన కారణం నేను రాసిపెడతాను. మీరు నిశ్చింతగా రిటైరై వెళ్లండి" అని మీ అమ్మ ఎదుటే నాకు ఒకడు మాట ఇచ్చాడు. రాయలేదు. నీ ఉత్తరం చదవగానే మొదట గుర్తొచ్చింది అదే.

సలటిగాలో మేమిద్దరం బాగానే ఉన్నాం. అమ్మ మందులు వేసుకుంటోందా అన్నావు. వేసుకుంటోంది, నన్ను విసుక్కుంటూ.

ఆఫీసులో నేను వదిలొచ్చిన పొడవాటి పైథాన్ కోడును చిన్న ముక్కలు చేసి, ఒక్కోదానికి అది చేసే పని పేరే పెట్టావు. చదివాను. నాకంటే బాగా రాశావు. అందుకు సంతోషించాలో చిన్నబుచ్చుకోవాలో తేల్చుకోలేకపోతున్నాను. నా కోడును మీ మేనేజరు దెయ్యాలకొంప అన్నాడట. ఆయన కోడు చదవడం ఎప్పుడు నేర్చుకున్నాడో కనుక్కుని రాయి.

ఐదు రోజులకోసారి కాలువ గేటును ఆలస్యంగా మూసే ఆ వరస ఎందుకో ఎవరికీ తెలియదన్నావు. ఆ రోజుల్లో పోటు నీళ్లు పల్లపు వీధి ఇళ్లలోకి వస్తున్నాయి, ఆడవాళ్లు ఆఫీసుకొచ్చి తిడుతున్నారు, తీసెయ్యనా అని అడిగావు. తీసెయ్యమని ఒక ఉత్తరం రాసి చించాను. ముట్టుకోవద్దని ఇంకొకటి రాసి అదీ చించాను.

నిన్న సోయా తెంపె అట్లు అమ్మే తుమినా ఖాళీ బుట్టతో గుమ్మం దాటిపోతుంటే పిలిచాను.

"ఇయ్యాల పహింగ్ గదా పెద్దయ్యా, సరుకంతా సంతకు పంపించేశా. నువ్వు ఆ పుస్తకాలే వేయించుకు తిను" అంది. మీ అమ్మ లోపలినుంచి నవ్వింది.

అప్పుడు తట్టింది. ఐదు రోజుల వారంలో పహింగ్ నాడు జరిగే సంతకు వెళ్లిన పడవలు పోటుతోపాటు తిరిగొస్తాయి. ఒకసారి అవి వచ్చేసరికి గేటు మూసుకుపోయింది. పడవలు బయటే ఉండిపోయి రాళ్లకు కొట్టుకున్నాయి. వాటిలో పిల్లల తల్లులున్నారు. మర్నాడే ఆ వరస రాశాను.

ఇన్నాళ్లూ జవాబు రాయకపోవడానికి కారణం జ్వరమని ఫోనులో చెప్పాను. జ్వరం కాదమ్మా, మరపు. నేను రాసిందాన్ని నేనే పరాయివాడిలా చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు కారణం దొరికింది గానీ, ఆ కారణం ఇంకా బతికే ఉందో లేదో తెలియదు. ఆ సంత అక్కడే ఉందా? జనం ఇంకా పడవల్లోనే వస్తున్నారా, బండ్లు కొనుక్కున్నారా?

వచ్చే పహింగ్ నాడు నువ్వే రేవుకు వెళ్లి నిలబడు. ఒక్క పడవ వచ్చినా ఆ వరస ఉంచు, దానికి సంత పేరు పెట్టు, పల్లపు వీధికి వేరే దారి వెతుకు. ఏదీ రాకపోతే తీసెయ్. నేనేమీ అనుకోను. ఏం చేసినా, ఎందుకు చేశావో పైన రెండు వాక్యాలు రాయి. పిల్లల తల్లులను, పల్లపు వీధిని నీ ఒక్కదాని నెత్తిన పెట్టింది ఆ రెండు వాక్యాలు లేకపోవడమే. నీకు మొట్టమొదటి ప్రోగ్రాం చెయ్యి పట్టుకుని నేర్పినవాడు వాటిని రాస్తానని మాట ఇచ్చి రాయలేదు. నా కోపం నీమీద కాదు, ఇప్పటికీ మీ మార్గోనో మామయ్య మీదే.

ఇట్లు,
తికమక తీరని మీ నాన్న