గుమ్మం దగ్గరి జోళ్ళు

బిలాస్‌పూర్,
సోమవారం

పాస్టరు గారికి వందనాలు.

సంఘ పెద్ద పదవి వదులుకుంటున్నాను. కారణం ఎదురుగా చెప్పలేక రాస్తున్నాను.

రైల్వే లోకో షెడ్డులో ఊడ్చే పని చేసిన రాహేలమ్మ, ఆరాధన జరిగినంతసేపూ గుమ్మం దగ్గర కూర్చుని, తొడుక్కోవడానికి వీలుగా అందరి జోళ్ళూ వీధివైపు తిప్పి పెట్టేది. రిటైరైన రైలు గార్డుననే గర్వంతో, నావి ముట్టుకోవద్దని ఒకసారి కసిరాను. "అలాగే బాబూ. ఏటి సేస్తాను, ఇలా వొంగితేనే నాకు బలమొస్తాది," అంది.

మీరు ఆమెను సమాధి చేసి నెలయింది. అయినా ప్రతి ఆదివారమూ జోళ్ళు వీధివైపు తిరిగే ఉంటున్నాయి, నావి తప్ప. ఎవరి పనో పట్టుకుందామని పోయిన వారం గుమ్మంలోనే కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ప్రార్థనకు కళ్ళు మూసి తెరిచేసరికి అన్నీ తిరిగి ఉన్నాయి. నావి తప్ప.

నిన్న నేనే మోకాళ్ళూనాను. కర్ర లేనిదే లేవలేని వాణ్ణి, నలభై జతలు తిప్పి, కర్ర అక్కడే మరిచి లోపలికి నడిచాను. నా జత మాత్రం ఎప్పటిలాగే వదిలేశాను.

బయటికొచ్చేసరికి అదీ తిరిగి ఉంది. వాన పడి నేలంతా చల్లగా ఉన్నా, నా జోళ్ళు వెచ్చగా ఉన్నాయి.

ముందు వరుసలోని నా బెంచీ మరొకరికి ఇవ్వండి. ఇకనుంచి నేను గుమ్మం దగ్గరే కూర్చుంటాను. అక్కడ ఇద్దరికి చోటుంది.