నడిమి పలక

ఏప్రిల్ 2
పాచి గీకుట మొదలుపెట్టాను. మోకాళ్ల మీద కూర్చొని, పాత కొబ్బరిచిప్పతో, నీళ్లతో. వసారా పడమటి సగం నాది. తూర్పు సగం తమ్ముడు సింహాచలానిది. మధ్యనున్న పలక ఎవరిదో చెప్పకుండానే నాన్నగారు వెళ్లిపోయారు. రెండిళ్ల గుమ్మాలకూ ఒకే చెక్క వసారా, ఒకే మెట్లు. ఈ దేశానికి వలసవచ్చి, బోటాటౌంగ్ రేవులో మూటలు మోసిన రోజుల్లో ఆయన కూడబెట్టిన టేకు.

సింహాచలం షరతు స్పష్టము. తొలివాన నాటికి పలకలు జారకపోతే వసారా ఉంటుంది. జారితే తన సగం ఊడబెరికి సిమెంటు పోయిస్తాడు. బస్తాలు అప్పుడే వచ్చాయి. వాడి గోడవార, నీలిపట్టా క్రింద.

“నాకు చెక్క మీద కోపమేటన్నియ్యా? దాని కాలు గురించి గదా.”

‘దాని’ అనగా పైడమ్మ, వాడి భార్య. పోయిన వానాకాలంలో నాకు అన్నం తెస్తూ పాచి మీద జారిపడినది. నాటినుండి కుడికాలు ఈడుస్తున్నది. ఇల్లాలు పోయినప్పటినుండి నా భోజనం ఆ ఇంటినుండే. ఈ వాక్యాన్ని ఎటు త్రిప్పి వ్రాసినా కంచం నాదే.

ఏప్రిల్ 5
నడుము. వ్రాయలేను.

ఏప్రిల్ 8
పాచి పోయినది. పలకలు ఆరినవి. ఇప్పుడు గరుకు కాగితం. పలక పొడవునా రుద్దవలెను, అడ్డముగా రుద్దరాదు — అడ్డముగా రుద్దితే గీతలు పడి, ఆ గీతల్లోనే నీరు నిలుస్తుంది. బూడిదరంగు పొర లేచిపోయి, లోపలి తేనెరంగు బయటపడుతున్నది. ఇంతకాలం తరువాత కూడా టేకు వాసన. రుద్దుట ఆపి కొంతసేపు ఊరకే కూర్చున్నాను.

కరెంటు లేదు. ఎండ.

పైడమ్మ తన గుమ్మంలో ద్వారబంధం పట్టుకొని నిలబడినది. “ఈ వయసులో మీకీ పనేటి బావగారూ? సిమెంటు పోసేస్తే అందరికీ సుకమే కదా.”

సుకము కాదు, సుఖము. దిద్దలేదు.

సిమెంటు పోస్తే వరదనీటికి అందకుండా జానెడెత్తు లేపుతాడట. అప్పుడు రెండు సగాల నడుమ ఒక గట్టు. మా తాకేటా పేటలో గట్లు గోడలైన ఇళ్లు ఈ వీధిలోనే చూపగలను. ఆమెకు ఇదంతా చెప్పలేదు. “చెక్క అయితే కాళ్లకు చల్లగా ఉంటుందమ్మా” అన్నాను. బలహీనమైన వాదన.

ఏప్రిల్ 11
రెండు సగాలూ రుద్దుట ముగిసినది. నల్లనూనె డబ్బా వచ్చినది. భూమినుండి తోడిన ముడినూనె, ఈ దేశంలో మఠాల చెక్కకు సైతం ఇదే పూస్తారు. చెదలు పట్టవు, నీరు దిగదు. నియమం ఒక్కటే — చెక్క లోపలిదాకా ఎండి ఉండవలెను. తడి మీద పూస్తే నూనె లోనికి పోక పైననే నిలిచి జిడ్డవుతుంది.

ఎదురుగా తింజాన్. ఊరంతా ఒకరిపై ఒకరు నీళ్లు పోసుకొనే పండుగ. కోపగించుకొనే హక్కు ఎవరికీ లేని పండుగ. కనుక పండుగ గడిచిన తరువాతనే నూనె. అంతవరకు మెట్లకు అడ్డంగా తాడు కట్టాను. రెండు భాషలలో బోర్డు వ్రాశాను: ఇచ్చట నీరు చల్లరాదు.

సింహాచలం చదివి — “తింజాన్‌కి బోర్డు పెట్టినోడివి ఈ ఊరు మొత్తమ్మీద నువ్వొక్కడివే.”

ఏప్రిల్ 14
వీధి అంతా ఏరు. తమ్ముడి మనవలు చెంబులతో మెట్లెక్కబోతే గద్దించి పంపాను. పైడమ్మ మొగం ముడుచుకున్నది. వసారాపై ఒక్క చుక్క పడలేదు.

ఏప్రిల్ 17
ఈ దేశపు కొత్త సంవత్సరం. పూర్వవిద్యార్థులు వచ్చారు. ముందు నడిచినవాడు అప్పారావు — పబేడాన్ బజారులో బట్టల కొట్టు, అక్కడ అందరికీ, ఇక్కడి మర్యాద చేర్చి, కో అప్పారావు. నా ఆదివారపు తెలుగు బడిలో ఒత్తులకు ఏడ్చినవాడు. వీరికి నేను ‘సయా’ను, అనగా గురువును. కుండ తెచ్చారు. చెట్టుబెరడు, శీకాయ కాచి వడపోసిన జిగురునీరు. ఈ దినాన పెద్దల తల కడిగి మొక్కుట ఇక్కడి మర్యాద.

“సయా, తల కడగతాం.”
“కడుగుతాము.”
“కడుగుతాము సయా. ఎక్కడ?”

పెరటిలో కొళాయి ఉన్నది. బండ ఉన్నది. ‘అక్కడ’ అని చెప్పవలసినది. పెరడు గోడచాటు. వీధివారంతా గుమ్మాలలో నిలబడి ఉన్నారు, గురువుగారి తల ఎవరు కడుగుతున్నారో చూడడానికి.

తాడు ఒక కొన నేనే విప్పాను. కుర్చీ వేయించుకున్నాను — మెట్ల కెదురుగా, నడిమి పలకకు ఇవతల, నా సగంలో.

కళ్లు మూసుకొన్నాను. చల్లన. ఎన్నేళ్లకో మరొకరి వేళ్లు నా తలలో. మెడ వెనుకనుండి జారిన నీరు ఎటు పోతున్నదో వినబడుతూనే ఉన్నది… పలకల మీదికి, పలకల సందులలోనికి. ఆపమనలేదు. కుండ ఖాళీ అయినది. మరొక కుండ తెచ్చారు.

ఏప్రిల్ 18
సింహాచలం, పళ్లు తోముకుంటూ — “నా మనవలు చెంబుడు నీళ్లు తెస్తే రోడ్డు మీదికి తోలేశావు. నీ బుర్రకి మాత్తరం కుండలా?”

కుర్చీ లోపలికి తెచ్చుకున్నాను.

“ఎండకి ఆరిపోద్దిలే” అన్నది పైడమ్మ. నాతో కాదు, వాడితో.

ఏప్రిల్ 22
నైరుతి దిక్కున మబ్బు. ముందుగా సింహాచలం సగం పూశాను. నూనె పోసినంతా తాగింది. దాహం గల చెక్క. చక్కటి నలుపు.

తరువాత నా సగం. కుర్చీ వేసినచోట పైకి పొడిగానే ఉన్నది. సందులో గోరు పెట్టి చూస్తే మెత్తన, కొంచెం జిగురు. మరికొన్ని ఎండలు కావలెను. మబ్బు మాత్రం ఆగదు. అసంపూర్తిగా వదలిన పలకలను సింహాచలం చూచుట ఇష్టం లేక పూసివేశాను.

నూనె అక్కడ పైననే నిలిచినది. మెరుస్తున్నది. మెరవకూడదు.

ఏప్రిల్ 25
జిడ్డు పోలేదు. పిల్లి అడుగులు, నా గుమ్మందాకా. గుడ్డపేలికతో తుడిచాను. అలసట. మళ్లీ తుడిచాను.

ఏప్రిల్ 29
మేస్త్రీ వచ్చాడు. వానలకు ముందు తనకిక తీరిక దొరకదన్నాడు. లోపలినుండి విన్నాను. పలకలు చూచి సింహాచలమే చెబుతాడనుకొన్నాను, ఇక కానిమ్మని.

“ఇంకా వాన పడనేదు గదా. తొలివాన దాకా అన్నాను మా అన్నియ్యతోటి. మాటంటే మాటే.”

మేస్త్రీ వెళ్లిపోయాడు. తన సగం పోయించుకొమ్మని తమ్ముడికి చెప్పడానికి గుమ్మం దాటబోయి, వెనుదిరిగి గుడ్డపేలిక అందుకున్నాను.

మే 4
ఉదయంనుండి వాన. వేళకు ముందే.

సింహాచలం సగంలో నీరు ముత్యాలై దొర్లిపోతున్నది. నా గుమ్మంవైపు, కుర్చీ వేసినచోటినుండి నడిమి పలకదాకా, తెల్లని శీకాయ నురుగు. వేలు పెట్టి చూచాను. సబ్బు వలె జారుతున్నది.

నీలిపట్టా గాలికి లేచి ఎప్పుడు పోయినదో. సింహాచలం సిమెంటు బస్తాలపై అరచేయి వేసి నొక్కాడు. “రాయైపోనాయి.” అంతే. తిడతాడని ఎదురుచూచాను.

మధ్యాహ్నం. పైడమ్మ కంచంతో బయటికి వచ్చినది. “ఆగే, నేనిస్తాను” అంటున్నాడు వాడు. ఆమె ఆగలేదు. కుడికాలు ఈడుస్తూ, తన సగమంతా నడిచినది. జారలేదు. నడిమి పలక దగ్గర నిలిచి, ఒంగి, కంచం దాని మీద పెట్టినది. పైన మూత.

“ఇక్కడిదాకా బాగానే నడవొచ్చు బావగారూ. బాగా చేశారు. అటు మాత్తరం నేను రాలేను.”

నవ్వలేదు. ఎగతాళీ కాదు. తిరిగి వెళ్లిపోయినది.

షరతు గెలిచినట్లా? వాడి సగం జారుట లేదు. జారుచున్నది నా సగమే. వానలు వెళ్లేదాకా ఈ పలకలు ఆరవు.

గుమ్మంలో కూర్చొని వ్రాస్తున్నాను. కంచం అక్కడే ఉన్నది. మూత మీద చినుకులు.

“కూడు సల్లారిపోతంది అన్నియ్యా. నేన్రానా?”

వద్దన్నాను. నా సగంలో వాడు పడితే ఆ మాటను ఎక్కడ వ్రాయను.

వాడు లోపలికి పోలేదు. మెట్లకు నేను కట్టిన తాడు ఇంకా స్తంభానికే వ్రేలాడుతున్నది. దానిని విప్పి, ఒక కొన తన చేతికి చుట్టుకొన్నాడు. రెండవ కొన నా గుమ్మంలోకి విసిరాడు.

నా పాదాల దగ్గర, తడిసి ఉన్నది. పట్టుకొమ్మంటున్నాడు.