ఉతకని చొక్కా

విడవలూరు, 1961 కార్తీకం, మంగళవారం రాత్రి

ఈ రోజూ మద్రాసు నుంచి కబురు లేదు. పెద్దాసుపత్రిలో ఆయనకు ఆపరేషను చేశారో లేదో. వెంట వెళ్లిన మరిదికి ఒక్క కార్డు ముక్క రాయడానికి చేతులు రావడం లేదు. ఏమై ఉంటుందో అని మొదలుపెడితే నాకు ఏ పనీ సాగదు. అందుకే పూటకు పూట, పాలు పిండడం వరకే ఆలోచిస్తున్నాను.

మా బర్రె ఆయన చేతికి తప్ప పాలు చేపేది కాదు. ఆయన విడిచి వెళ్లిన చొక్కా తొడుక్కుని కూర్చుంటే, ఆ వాసనకు నాకూ ఇస్తోంది.

"కంపు కొడతా ఉండాది, ఉతికెయ్యి అమ్మే" అని అత్త రోజూ అంటుంది.

"ఉతికితే బర్రె చేపదు అత్తా" అంటాను.

ఈ సాయంత్రం పోస్టుమాన్ కోసం వీధిలోకి చూసి చూసి, చొక్కా సంగతి మరిచిపోయి పాలకు కూర్చున్నాను. బర్రె తల తిప్పి నన్ను చూసింది. చేపింది. చెంబు నిండింది. దానికి ఇక ఆయన అక్కర్లేదు. దాని డొక్కకు తల ఆనించి చాలాసేపు ఏడ్చాను.

పొద్దున మళ్లీ పాలు పిండాలి. చొక్కా తొడుక్కునే వెళతాను. అత్తకు ఏమీ చెప్పలేదు. చెబితే ఉతికేస్తుంది.