కామెర్లని చెప్పాను

తమ్ముడూ,

నువ్వు పోయిన మూడేళ్లకి మన పెదపాడు చర్చి హాల్లో మత్తు మానాలనుకునే వాళ్లకోసం మీటింగు పెట్టారు. నిన్న వెళ్లాను. మొదట లేచి మాట్లాడింది మన వీధి టైలర్ ఖాదర్ గారబ్బాయి సలీం. వాడూ నీలాగే నొప్పి ఇంజెక్షన్లకు అలవాటు పడి, నువ్వు మంచాన ఉన్న వేసవిలోనే ఏలూరు ఆసుపత్రిలో చేరి మానేశాడట.

చేపల లారీలకు లోడెత్తి నడుం పట్టేసి నువ్వు మొదలుపెట్టిన ఆ సూదుల సంగతి, నా టీచరు ఉద్యోగానికి మాటొస్తుందని నేనే దాచాను. అడిగినవాళ్లకి కామెర్లని చెప్పాను. "నన్నెక్కడైనా చేర్పించక్కా" అని నువ్వు ఏడుస్తుంటే, పక్కింటికి వినపడుతుందని తలుపు వేశాను.

బయటికొచ్చాక ఖాదర్ గారు పలకరించారు. "మీవాడికి కామెర్లంటే పసరు మందు తెచ్చిచ్చానమ్మా. పాపం, పని చేయలేదు."

"అవి కామెర్లు కాదండీ. సలీంకి వచ్చిన కష్టమే మావాడికీ వచ్చింది."

ఆయన, "మేమూ మావాడు చుట్టాలింటికి వెళ్లాడనే చెప్పామమ్మా. మీకొక్కరికైనా నిజం చెప్పి ఉంటే బాగుండేది," అన్నారు. తప్పు తనమీద వేసుకుంటున్న ఆ పెద్దాయన మొహంలోకి చూడలేకపోయాను.

మా మాటలు విన్న ఒకావిడ దగ్గరికొచ్చింది. కొల్లేటికోట నుంచి వచ్చిందట. "మావారిని చేర్పించాలండీ. ఆసుపత్రిలో ఎవర్నడగాలో నాకు తెలీదండీ," అంది. నేను తోడొస్తానన్నాను.

రేపు పొద్దున్నే ఏలూరు బస్సుకి బయల్దేరతాం. నీతో వెళ్లాల్సిన దారిలో వాళ్లతో వెళ్తున్నాను.

అక్క