గసగసాల కోడికూర

ఎస్తేరక్కకు వందనాలు.

జైలుకు బదులు జడ్జి నన్నుంచిన ఈ మానసిక ఆసుపత్రిలో నేను మత్తు ముట్టక పదకొండు నెలలైంది. పోయిన ఆదివారం నువ్వు తెచ్చిన కోడికూర తిన్నాను. సోమవారం మూత్రపరీక్షలో నల్లమందు జాడ ఉందన్నారు.

"అది మా అక్క నూరి వేసిన గసగసాలండీ, నల్లమందు మొక్క గింజలే కదా" అంటే నర్సులు నవ్వారు. వాళ్ళ కాఫీలో ఉప్పు కలిపినవాణ్ణి, నన్నెవరు నమ్ముతారు?

నెలాఖరున నన్ను ఇంటికి పంపాలో వద్దో జడ్జి తేలుస్తాడు. నువ్వేం దిగులుపడకు. మా డాక్టర్‌ని ఒప్పించాను. నీ కూర ఆయనా తిని, మర్నాడు పరీక్షకు తన సీసా కూడా నింపుతాడు.

వచ్చే ఆదివారం అదే కూర తీసుకురా. భయపడి గసగసాలు తగ్గించావో, నేనిక్కడే ముసలాణ్ణవుతాను. కారం మాత్రం తగ్గించు. నాకున్న సాక్షి ఆయనొక్కడే.

నీ తమ్ముడు