గుండ్రటి మెట్లు

సుభద్రా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన అపార్ట్‌మెంట్ మెట్లు పగలగొట్టి, లిఫ్టూ దాని పక్కన తిన్నని మెట్లూ పెడతామని ఇవాళే కాగితం తెచ్చారు. బొంబాయిలో ఓడల్లా మూలలు గుండ్రంగా తిరిగిన మేడలు చూసొచ్చిన పత్తి వ్యాపారి కట్టించిన బిల్డింగు కదా, బాల్కనీల మూలలే కాదు, మెట్లు కూడా శంఖంలా తిరుగుతాయి. నరసరావుపేటలో ఇలాంటివి ఇంకెక్కడా లేవని, ఆ మెట్ల కోసమే ఈ ఇల్లు కొనిపించావు.

అందరూ సంతకాలు చేశారు. నాదొక్కటే మిగిలింది.

"మోకాళ్ల నొప్పులతో చస్తన్నా అన్నా. వీధి మొహం చూసి మూడు నెలలైంది," అంది పై అంతస్తు మస్తాన్‌బీ, కమ్మీ పట్టుకుని వంగి.

"ఏంది బాబాయ్ ఇంకా ఆలోచన? అంత ముద్దొస్తే ఫోటో తీసి దాచుకో," అన్నాడు కాగితం తెచ్చిన పక్కింటి సాంబయ్య. "పిన్నిని దించిన రోజు మర్చిపోయినావా? నలుగురం పట్టుకుని చానా అవస్థ పడ్డా మొదటి మలుపే తిరగలేకపోయాం."

మర్చిపోలేదు. మస్తాన్‌బీ కోసం సంతకం పెట్టాను.

వాళ్లకు చెప్పనిది నీకు చెబుతున్నాను. మెట్లు తిన్నగా ఉంటే నిన్ను వాళ్లే దించేవాళ్లు. మలుపులో నలుగురు పట్టరు కాబట్టి, రెండో అంతస్తు నుంచి వాకిట్లో పాడె దాకా నిన్ను నేనొక్కణ్నే ఎత్తుకుని దించాను. బతికుండగా నలుగురిలో నీ చేయైనా పట్టుకోని వాణ్ని. ఆ రోజు ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఆగి దిగాను. ముసలాయనకు బరువైందనుకున్నారు.