గాజు తలుపు మీది బొమ్మ

చిరంజీవి చంటిని అమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ నాన్నా బాగున్నాం. అక్క, బావ కులాసాగా ఉన్నారు. నువ్వూ వేళకు తిని కంటినిండా నిద్రపోతున్నావనే అనుకుంటున్నాను. ప్రకటనల ఆఫీసులో అందరూ నిన్ను సార్ అంటారట, అక్క చెప్పింది. కవరు మీద నీ పూర్తి పేరు గౌరవంగానే రాశాను. లోపల మాత్రం నువ్వు చంటివే.

నాన్న మోకాలి సంగతి అడిగావు. డాక్టరు రోజూ నడవమన్నాడు. ఈయన కొట్టు గుమ్మం దాకా నడిచి, అక్కడ ఎవరో ఒకరిని పట్టుకుని మాటల్లో పడతారు. నొప్పి మాత్రం తగ్గింది. కుట్టుమిషను బాగుచేయించావా అన్నావు. చేయించాను. ఇప్పుడు గౌన్ల అంచులు నేనే మడిచి కుడుతున్నాను. బడులు తెరిచే రోజులు కదా, పొద్దుటి నుంచి కొట్టులో ఊపిరి సలపడం లేదు. పిల్లలు బట్టలు వేసి చూసుకునే గదికి కొత్త తెర వేశాం. పాతదాన్ని లాగి లాగి చింపేశారు.

ఇక గౌన్ల కంపెనీ ప్రకటన కోసం నువ్వు తీసిన బొమ్మ గురించి. కంపెనీ మనిషి దాన్ని తెచ్చి ఇచ్చిన రోజు మీ నాన్నను చూడాల్సింది. గాజు తలుపుకు తనే దగ్గరుండి అతికించారు. దారిన పోయేవాళ్ళను ఆపి, "ఇది మావాడు తీసిందేనండీ" అని చెప్పుకున్నారు. నేనూ మురిసిపోయాను. ఆ మురిపెంలో బొమ్మను సరిగా చూడనేలేదు.

మర్నాడు రెండో తరగతి చదివే పిల్ల ఒకతి వాళ్ళమ్మతో వచ్చింది. బడిలో ఆటలకు నిక్కరు కావాలంది. వేసుకుని అద్దం ముందు నిలబడింది. ఒకసారి అద్దం వైపు, ఒకసారి తలుపు మీది బొమ్మ వైపు చూసింది. ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుని, ఆ బొమ్మలోలాగే తల వంచింది.

"ఆంటీ, నేను లావుగా ఉన్నానా?" అంది. బుగ్గలో ఇంకా చాక్లెట్ ఉంది.

"లేవమ్మా. పరిగెత్తి చూడు, నిక్కరు పట్టేస్తోందేమో" అన్నాను.

అది పరిగెత్తలేదు. వాళ్ళమ్మ నవ్వి, "ఇప్పటి నుంచే దీనికి షోకులండీ" అంది.

వాళ్ళు వెళ్ళాక బయటికి వెళ్ళి ఎదురుగా నిలబడి, అప్పుడు చూశాను బొమ్మను. పెదవులకు రంగు, కళ్ళకు గీతలు, పెద్దవాళ్ళలా నిలబడిన ఆ వాలకం. వేసుకున్నది మాత్రం మన కొట్టులో అమ్మే గౌనే. బొమ్మలోని పిల్లకు ఎనిమిదేళ్ళుంటాయేమో.

"తీసేద్దామండీ" అన్నాను.

"వాడు చేసిన మొదటి పెద్ద పని. ఎందుకు తీయడం?" అన్నారు మీ నాన్న.

అద్దం ముందు జరిగింది చెప్పాను. ఆయన లేచి, చిరగకుండా గోటితో అంచులు లేపి తనే తీశారు. చుట్టచుట్టి బీరువాలో పెట్టారు.

ఈ బొమ్మ మీద గొడవయ్యాక రాసిన ఉత్తరంలో ఒక మాట గట్టిగా అడిగావు. "అక్క చిన్నప్పుడు నీ చీర చుట్టుకుని, పెదాలకు రంగు పూసుకుని ఫొటో దిగలేదా? అది ముద్దయితే ఇది తప్పెలా అయింది?" అని. న్యాయమైన ప్రశ్నే. దాని గురించి చాలా ఆలోచించాను. అక్క ఆ రోజు ఎవరూ చెప్పకుండానే నా చీర లాక్కుంది, రంగు ముక్కు దాకా పూసుకుంది, కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడి బోర్లా పడింది. ఆట అయిపోగానే చీర అక్కడే వదిలేసి బయటికి పరిగెత్తింది. బొమ్మలోని పిల్లకు చుట్టూ పెద్దవాళ్ళు నిలబడి, ఇలా చూడు, అలా వంగు అని చెప్పారు కదా. అది దాని ఆట కాదు నాన్నా. మీ పని.

మేం బొమ్మ తీసేశాక జరిగిన సంగతులు నీకు తెలిసినవే. టీచర్లు, తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పడం, టీవీలో రెండు వైపులవాళ్ళూ అరుచుకోవడం, కంపెనీ బొమ్మలన్నీ వెనక్కి తీసుకోవడం. నీ ఉత్తరంలో ఇలా రాశావు: "ఎవరో బట్టల కొట్టు ఆవిడట. పనీపాటా లేక పేపరుకెక్కింది. అక్కడి నుంచే మొదలైంది ఈ గోలంతా."

చంటీ, ఆ కొట్టు ఆవిడ నేనేరా.

ఒక విలేకరి మేనకోడలికి గౌను కొనడానికి వచ్చింది. "అన్ని కొట్లలోనూ ఆ బొమ్మ ఉంది, మీ దగ్గర లేదేంటండీ?" అని అడిగింది. ఉండేది, తీసేశామన్నాను. ఎందుకంటే చెప్పాను. "మేం పిల్లలకు బట్టలమ్ముతాం. చూసేవాళ్ళకు పిల్లల్ని అమ్మం" అన్నాను. పేరు వేయనా అంది. వద్దన్నాను, నీకు ఆఫీసులో తలవంపులు కాకూడదని. మాట మాత్రం వేసుకోమన్నాను.

తెలియక అన్నాను అనుకోకు. అది నీ పనేనని తెలిసే అన్నాను. పరాయివాడి బొమ్మయితే దించి మూలన పడేసి ఊరుకునేదాన్నేమో. నీది కాబట్టే ఊరుకోలేకపోయాను. ఇన్నాళ్ళూ నీకు రాయడానికి చెయ్యాడలేదు. మీ నాన్న రోజూ "రాశావా?" అంటారు, నేను రేపంటాను.

ఇవాళ కూర్చుని రాయగలుగుతున్నానంటే నువ్వు పంపిన కొత్త ఫొటో వల్లే. "మళ్ళీ తీయమన్నారు, తీశాను. ఇదైనా ఆ మహాతల్లికి నచ్చుతుందో లేదో" అని విసుక్కుంటూ పంపావు. నచ్చింది నాన్నా, ఆ మహాతల్లికి బాగా నచ్చింది. పోయినసారి ముందు పళ్ళు ఊడాయని ఇదే పిల్లను నోరు మూసుకోమన్నారట, రాశావు. ఈసారి నోరారా నవ్వుతోంది. మోకాలు దోక్కుపోయి ఉంది, జుట్టు ముఖం మీద పడింది, గౌనుకు మట్టి. అది నిజంగా దేన్నో చూసి నవ్వుతోంది. ఏం చెప్పి నవ్వించావో గానీ, విసుగ్గా ఉన్నవాడు పిల్లల్ని అలా నవ్వించలేడు. నువ్వు ఒప్పుకోకపోయినా నాకు తెలిసిపోయింది.

ఫొటో తలుపుకు అతికించాం. మీ నాన్న మళ్ళీ దారిన పోయేవాళ్ళను ఆపడం మొదలుపెట్టారు. నాకు మనసు తేలికపడింది. నీకు మాత్రం ఇది చదివాక ఎలా ఉంటుందో తెలియదు. కోపం వస్తే ఫోన్ చేసి తిట్టు, పడతాను. రాకపోయినా ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నీ మేలు కోరే
అమ్మ